టపాకాయలు పేలకముందు

జొన్నచేల మధ్య ఊరు, వాన వెలిసిన మధ్యాహ్నం. కింద పొయ్యి వేడి తగిలే ఇటుక అరుగు మీద అమ్మమ్మ తన మనవరాలు మన్‌మన్‌కి, పన్నెండు ఏళ్ళకి పన్నెండు జంతువుల పేర్లు తెచ్చిన పందెం కథ చెబుతోంది. కూతురు రుయ్‌హె అప్పుడే గుమ్మంలోకి వచ్చింది.

“…పులి నది ఈదేసి మూడో స్థానం కొట్టేసింది. పాపం, కుందేలుకి ఈతెక్కడిది? రాయి మీంచి రాయి మీదికి గెంతింది. రాళ్ళయిపోయాయి. ఓ దుంగెక్కి కూర్చుంది. డ్రాగన్ ఉఫ్ అని ఊదితే ఒడ్డుకి… అయ్యో, రుయ్‌హె! ఏంటే ఆ మొహం?”

“కథ కానీ అమ్మా.”

“మళ్ళీ కొట్టాడా?”

“అమ్మమ్మా, మా అమ్మ కుందేలేగా?”

“కుందేలే బంగారూ. కుందేలు ఏడాదిలో పుట్టింది. అందుకే అంత మెత్తన. ఒసే, పెదవి చీలింది కదే! ఇట్రా, తుడవనీ.”

“ముట్టుకోకు. నేను నిజంగా కుందేలునేనా అమ్మా?”

“ఇదేం ప్రశ్నే ఇప్పుడు?”

“నీకు పురుడు పోసిన చావ్ ముసలమ్మ పొద్దున సంతలో నా మొగుడికి చెప్పిందట. నేను పుట్టేసరికి కొత్త సంవత్సరం టపాకాయలు ఇంకా పేలనే లేదట. పులి ఏడాది ఆఖరి రాత్రట అది.”

“దానికి మతి చెడింది. తొంభై ఏళ్ళు.”

“మతి చెడిందా, నోరు జారిందా?”

“నీళ్ళు మరుగుతున్నాయి, ఉండు…”

“కూర్చో అమ్మా. చెప్పు.”

“ఏం చెప్పనే? పులి ఆడపిల్లని ఎవరు చేసుకుంటారు? పురిటి గదిలోకి రానివ్వరు, పెళ్ళికూతురి దగ్గరికి రానివ్వరు, మొగుణ్ణి మింగేస్తుందంటారు. ఇంకాస్త ఆగుంటే కుందేలువయ్యేదానివి. నోట్లో గుడ్డ కుక్కుకుని ఆపుకున్నా, ఆగావు కాదు. టపాకాయలు పేలాకే పుట్టావని ఊరంతా చెప్పుకున్నా. తప్పా?”

“వాడు కోతి ఏడాది వాడు. కోతికి పులి పడదుగా. వాడి పందులు చచ్చింది నా వల్లేనట, వాడి పన్ను ఊడింది నా వల్లేనట…”

“మొగుణ్ణి వాడూ వీడూ అంటావా?”

“జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చాడు. నీళ్ళ తొట్టిలో నా తల ముంచాడు. ‘పులికి ఈతొచ్చుగా, ఈదు, ఈదు’ అంటూ ముంచాడమ్మా.”

“పాప వింటోందే!”

“విననీ.”

“పద, నేనూ వస్తా. అల్లుడి కాళ్ళు పట్టుకుంటా. మీ నాన్న సమాధి మీద ఒట్టేసి కుందేలేనని చెప్తా. ఆ ముసల్దే అబద్ధమాడిందని…”

“వాడు వినడు.”

“వింటాడే. అతని కోపం ఎంతసేపు?”

“వాడికి వినపడదమ్మా.”

“అంటే?”

“తొట్టి పక్కనే కట్టెల గొడ్డలి ఉంది.”

“రుయ్‌హె!”

“ఒక దెబ్బ వేశా. చాల్లేదు. లేస్తున్నాడు. మళ్ళీ వేశా. చొక్కా మీద ఉన్నది నా నెత్తురు కాదు.”

“అమ్మమ్మా, నాన్న లేవడా?”

“నువ్వుండు తల్లీ. ఓ దేవుడా! పులి బుద్ధి పోనిచ్చుకున్నావు కాదే! ఇన్నేళ్ళు కుందేలని చెప్పి పెంచితే…”

“పులినా? నేను వాడి మాట నమ్మలేదమ్మా. నీ మాటే నమ్మా. గొడ్డలి ఎత్తినప్పుడు కూడా నేను కుందేలునే.”

“నువ్వు రావడం ఎవరైనా చూశారా?”

“జొన్నచేలకి అడ్డం పడి వచ్చా. నరపురుగు కూడా లేదు.”

“ఆ చొక్కా విప్పు. పొయ్యిలో పడెయ్. చేతులు కడుక్కో, గోళ్ళ సందుల్లో కూడా. ఇదిగో పిండి. కూర్చుని కుడుములు ఒత్తు.”

“అమ్మా…”

“ఏడవకు. నీ ఏడుపంతా పిండిలో పడుతోంది. మన్‌మన్, ఇలా ఒళ్ళోకి రా. కొత్త కథ చెప్తా. ఒక్క మాట తప్పకుండా తిరిగి చెప్పాలి. పొద్దున్నించీ మీ అమ్మ ఇక్కడే ఉంది. మనతో కుడుములు ఒత్తింది. వానలో కాలుజారి గుమ్మానికి గుద్దుకుంది, పెదవి చీలింది. చెప్పు.”

“పొద్దున్నించీ మా అమ్మ ఇక్కడే ఉంది. మనతో కుడుములు ఒత్తింది. వానలో కాలుజారి గుమ్మానికి గుద్దుకుంది, పెదవి చీలింది. అమ్మమ్మా, ఈ కథలో మా అమ్మ పులా, కుందేలా?”

“కుందేలే తల్లీ. ఎవరొచ్చి ఎన్నిసార్లు అడిగినా, కుందేలే.”