వాగు మీదుగా

హలో… ఆ, నేనే బావా. స్వరాజ్యాన్ని… సిద్దిపేట నుంచే. దవాఖాన ముంగట రాధాకిషన్ సేటు దుకాణంల ఉన్న.

వినొస్తుందా? … జర గట్టిగ మాట్లాడు. వానకు లైన్ల బరబర అంటుంది.

… ఉన్నది. అక్క ఉన్నది. పానంతోనే ఉన్నది.

… లేదు, ఇంకా కాన్పు కాలే. పొద్దుగాల ఫిట్స్ వచ్చినయి. కండ్లు మీదికి పెట్టింది, పండ్లు గిట్టగరిచింది. అప్పటి సంది మనిషికి సోయి లేదు. పిలిస్తే పలుకుతలేదు.

… పిలిచిన బావా. చెవుల నోరు పెట్టి పిలిచిన. సులోచనక్కా, సులోచనక్కా అని.

… నువ్వెట్ల వస్తవు? కామారెడ్డి తొవ్వ కూడ తెగిందంటున్రు గద. బస్సులు నడుస్తలేవు. నువ్వు గాడనే ఉండు. ఫోన్ కాడ ఉండు.

జర విను. ట్రంకాల్ ఎప్పుడు కట్ అయితదో తెల్వది, అసలు మాట ముందుగాల చెప్త. ఇక్కడి డాక్టరమ్మ హైదరాబాద్ తీస్కపోవాలె అంటుంది. పెద్ద ఆపరేషన్ చెయ్యాలెనట, రక్తం ఎక్కియ్యాలెనట. మమ్ముల తెచ్చిన హెలికాప్టర్ ఇంకా గ్రౌండులనే ఆగి ఉన్నది. గా సార్లే తీస్కపోతమంటున్రు. పొద్దుగూకితే లేవదట. నువ్వు సరే అనాలె. గందుకే సేటుతోటి ఫోన్ చేపిచ్చిన.

… హెలికాప్టరే బావా. మిలిటరోళ్లది. ఎలచ్చన్లప్పుడు వస్తది చూడు, గసొంటిదే, కాకపోతే జర పెద్దగున్నది. లోపట మంచం లెక్క కట్టిన్రు.

… బాపు పిలిపిచ్చిండు. అక్క మందుల కోసమని అక్కన్నపేటకు పోయి వాగు అవుతలనే చిక్కిండు. గాడ పోలీసోళ్ల కాళ్లు మొక్కి వైర్‌లెస్ చేపిచ్చిండట. మాకెవ్వరికి తెల్వది. బడి ముంగట దిగంగనే ఓట్లకు వచ్చిన్రనుకొని ఊరంత ఉరికింది. రాజమల్లయ్య తాత దండ కూడ పట్టుకొచ్చిండు. గాలికి దండ ఎటు పోయిందో, తాత రుమాలు ఎటు పోయిందో.

… నవ్వుతలేను బావా. జరిగింది చెప్తున్న.

… అవ్వ రాలే. తోడు ఒక్కలే ఎక్కాలన్నరు. కన్నతల్లిని, నేనే పోత అని అవ్వ ఎక్కబోతే రెక్కల గాలికి కింద పడ్డది, లేవరాలే. అక్కకు ఎక్కుతున్న సెలైన్ సీసా నా చేతిల ఉన్నదని నన్ను లోపలికి గుంజిన్రు. గంతే. గీడ మనోళ్లు ఇంకెవ్వరు లేరు.

… భయం గాలే. ఏమనిపియ్యలే. దిగేదాక సీసా మీదికి ఎత్తి పట్టుకున్న. గా చెయ్యి ఇంకా మొద్దుబారే ఉన్నది, ఫోన్ ఎడమ చేత్తోటి పట్టుకున్న.

… మంచిగ చూసుకున్నరు బావా. మస్తు మంచిగ చూసుకున్నరు. లోపట ఒక డాక్టర్ సారు ఉన్నడు. అక్కను పక్కకు ఒరిగిచ్చి, నోట్లె నురుగు తుడుసుకుంట, అంతసేపు మోకాళ్ల మీదనే ఉన్నడు. అక్క వాంతి చేసుకుంటే ఆయన అంగి మీదనే పడ్డది. చూసుకోను కూడ లేదు. పొద్దటి సంది గిట్లనే ఊర్లు తిరుగుతున్రట, ఏం తినలేదట. సేటు చాయ ఇస్తే నిలవడే తాగిన్రు.

ఇంకో సారు ఉన్నడు, తలుపు కాడ ఉండేటాయన. నాయినమ్మ అక్క తల కింద కొడవలి పెట్టింది గద, గది తీసేసిండు. పదునున్నది లోపట పెట్టద్దని సైగ చేసిండు. ఇనుము లేకుంటే గాలి సోకుతదని నాయినమ్మ అడ్డం నిలవడ్డది. ఆయనకు తెలుగు రాదు. ఏం సమజైందో ఏమో, తన డబ్బాల నుంచి ఇనుప పానా ఒకటి తీసి, బట్టల చుట్టి, అక్క తల కింద పెట్టిండు. అప్పుడు గాని నాయినమ్మ పక్కకు జరగలే.

… ముందుగాలనే ఎందుకు తేలేదంటవా?

… నర్సమ్మ చెప్పింది. కాళ్లు వాసినయి, బీపీ ఉన్నది, సిద్దిపేటకు తీస్కపోండ్రి అని పోయిన వారమే చెప్పింది. అప్పుడు వాగుల మోకాలు లోతు నీళ్లే. బాపు బండి కట్టిండు కూడ. కడుపుతోటున్న పిల్లను వాగు దాటియ్యద్దని మీ ఇంటి నుంచి అత్తమ్మ కబురు పెట్టింది గద బావా. నువ్వే వచ్చి చెప్పిపోతివి.

… ఊకె అనలే. నువ్వు అడిగితివని చెప్పిన. మా నాయినమ్మ కూడ గదే అన్నది. అవ్వ కూడ అన్నది. బాపు బండి ఇప్పిండు.

… ఇయ్యి. అత్తమ్మకు ఇయ్యి.

దండం అత్తమ్మా… ఆ… ఆ… శుక్రవారమే… ఎరుకే అత్తమ్మా, ఆడిబిడ్డను శుక్రవారం ఇంట్ల నుంచి పంపరు. ఫిట్స్ కూడ శుక్రవారమే వచ్చినయి.

… వాగు దాటింది. నిజమే. మీదికెల్లి దాటింది, కాలు తడువలే.

… హైదరాబాద్ దాక ఎన్ని వాగులున్నయో నాకేం ఎరుక? పైన పోతుంటే అన్ని ఒక్క తీరుగనే కనవడ్డయి. ఎర్రగ.

… ఎదురు మాట్లాడుతలేను అత్తమ్మా. మీరు అడిగిన్రు, నేను చెప్పిన… మొగపిల్లగాడో ఆడపిల్లో పుట్టినంక కద తెలిసేది… బావకు ఇయ్యుండ్రి. జల్ది ఇయ్యుండ్రి.

బావా… మీ అన్ననా? ప్రభాకర్ బావ వచ్చేదాక ఆగుమంటవా? … నిజామాబాద్‌ల ఉన్నడా? … రేపా?

రేపటి ముచ్చట కాదు బావా ఇది.

… డాక్టర్ సారు ఏమన్నడంటే, సేటు హిందీల అడిగి నాకు చెప్పిండు. గాలిల కూడ ఫిట్స్ రావచ్చట. పానం గాలిలనే పోవచ్చట. గీడనే ఉంచితే మటుకు రేపు పొద్దుగాల దాక ఉండదట. గట్లనే చెప్పిండు, ఏం దాసిపెట్టలే. పెద్దోళ్లు ఒప్పుకుంటే ఎక్కిస్త, ఇంటి పెద్ద ఎవరు అన్నడు. మా బావ సుధాకర్ అని చెప్పిన.

ఒక్క మాట అను బావా.

… ఏమైతదో నాకు మాత్రం ఎట్ల తెలుస్తది? నీకు తెల్వనట్టే నాకూ తెల్వది.

… గాలిల ఏమన్నైతే, గా సారు పక్కపొంటి ఉంటడు. చెయ్యి పట్టుకొనే ఉంటడు. అది నేను చూసిన. గంతకు ఎక్కువ నాకు తెల్వది.

ఒక్క నిమిషం… ఏంది సేటూ? … వచ్చిండా?

బావా, డాక్టర్ సారు వచ్చి దుకాణం ముంగట నిలవడ్డడు. మొగులు దిక్కు చూస్తుండు, నా దిక్కు చూస్తుండు. అక్కను మోసుకొని గ్రౌండుకు తెచ్చిన్రట. సరే అంటే ఎక్కిస్తరు. వద్దంటే మళ్ల దవాఖానకు తెస్తరు. ఇంకో ఊర్ల మనుషులు ఇంటికప్పు మీద చిక్కిన్రట, గాడికి పోతరట.

… బావా?

… బావా, ఉన్నవా?

… ఏడుపు వినొస్తుంది, మాట వినొస్తలేదు. ఔనంటవా, కాదంటవా?

…

…

సేటూ, సారుకు చెప్పు. తీస్కపొమ్మని చెప్పు… ఆ, ఎక్కియ్యమను… ఎవరన్నరంటే, నేనన్న అని చెప్పు. చెల్లెను అని చెప్పు. తోడు నేనే వస్త అని కూడ చెప్పు.

… విన్నవు గద బావా.

… నువ్వేమనలే. అత్తమ్మకు గట్లనే చెప్పు. ప్రభాకర్ బావకు కూడ గట్లనే చెప్పు. నేనేమనలే, స్వరాజ్యం అన్నది అని చెప్పు. చిన్న పిల్ల, తెల్వక అన్నది అని చెప్పు. ఏమైనా నా మీదికే రానీ.

… తిట్టు బావా. ఎన్కసీరి తిట్టు. ఇప్పుడు టైం లేదు.

… నాకా? నాకు వస్తలేదు. పొద్దటి సంది చూస్తున్న, ఎందుకో ఏడుపు వస్తలేదు.

… గది వాన కాదు. రెక్కలు తిరుగుతున్నయి.

… పోతున్న. మళ్ల ఎప్పుడు చేస్తనో చెప్పలేను. నువ్వు ఫోన్ కాడనే ఉండు.

… ఆ… ఆ… చెప్త. సోయి వస్తే చెప్త.

సేటూ, ఇంద, ఫోన్ పెట్టెయ్… ఆయన ఇంకా మాట్లాడుతుండు. పెట్టెయ్.