జమీలా బీ కోళ్లు, మా గూడు

రాత్రి కోళ్లను గూట్లె పెట్టి తలుపెయ్యాల్నా, చెట్టు మీదనే ఉండనియ్యాల్నా అనే గదా అడుగుతున్నవ్? మంచి ప్రశ్ననే బిడ్డా. నువ్వు తెచ్చినప్పటి సంది నేనూ చూస్తున్న. పొద్దుగూకంగనే జాంచెట్టెక్కి కూసుంటున్నయి. తలుపేస్తే జైల్ల పెట్టినట్టుంటదంటవ్. జర కూసో, చెప్త.

గప్పుడు ఈ నాంపల్లి గల్లీల ఇట్ల అన్ని దిక్కుల లాడ్జిలు లేవు. పెంకుటిండ్లు, ఎనక పెరళ్లు. నేను ఆబిడ్స్ బడిల పాఠాలు చెప్తుంటి, నడిచే పోయి వచ్చేదాన్ని. గోడకవతల జమీలా బీ ఒక్కతే ఉండేది. బట్టలు కుట్టేది. మీ అమ్మ చిన్నప్పటి గౌన్లన్నీ ఆమె కుట్టినయే, మీటరు బట్ట ఎంత అగ్వకు దొరికేదో... సరే, అది వేరే ముచ్చట. ఆమెకు కోళ్లంటే పాణం. గూడు లేదు, తలుపు లేదు. ఆమె పెరట్ల చెట్టు కొమ్మలు మా పెరట్లకు వంగి ఉండె, కోళ్లు వాటి మీదనే పండేవి.

పెండ్లై పోయిన ఆమె బిడ్డ కాన్పుకని జమీలా బీ చాదర్‌ఘాట్ పోవాల్సొచ్చింది. పోయే ముందు గోడ కాడికొచ్చి, "టీచరమ్మా, కోళ్లు నీ హవాలే. దానా వెయ్యి, నీళ్లు పెట్టు. బంద్ మాత్రం నక్కో, గూట్లె ముయ్యకు. మూస్తే పరేషానైతయి" అన్నది. నేను ఔ అన్న. అంటే ఏంది? మాటిచ్చినట్టే గదా.

తెల్లారి లేచి చూస్తే పెరడంత ఎర్ర ఈకలు. ఆ ఈకలు ఊడిన ఎర్రపెట్ట బతికే ఉంది గాని, కుంటుకుంట పోయి గోడకు ఆనుకొని నిలవడ్డది. తోక లేదు. తలెత్తితే మా పెంకుల మీద గండుపిల్లి, కాళ్లు నాకుకుంట. మరి ఇన్నేండ్లు ఎందుకు రాలే ఆ పిల్లి? సోంచాయించు. జమీలా బీ మంచం చెట్టు పక్క కిటికీకే ఉండె. కొమ్మ కదిలితే లేచి కసిరేది. ఇప్పుడు ఆ కిటికీ బంద్.

ఆ రోజు బడిల ఏం చెప్పిన్నో నాకే యాది లేదు. మూస్తే మాట పోతది. మూయకుంటే కోళ్లు పోతయి. ఆమె వచ్చి "నా కోళ్లేవి" అంటే ఏం మొఖం చూపెట్టాలె?

మా మామ చేసిన పాత గూడొకటి ఖాళీగ ఉండె. పందికొక్కులు తవ్వకుండ కింద షాబాద్ బండలు పరిచిండు, పైన గాలికి జాలీ. దాన్నే కడిగిన. సాయంత్రం కట్టె పట్టుకొని కోళ్లను తోలుడు మొదలుపెట్టిన. అదే తప్పు, బిడ్డా. చెట్టు ఎరిగిన కోడికి గూడేం తెలుస్తది? ఒకటి బాయి మీదికి, ఒకటి గోడ మీదికి. ఆ కుంటి ఎర్రపెట్ట ఎట్ల ఎగిరిందో ఎగిరింది, పోయి పెంకుల మీద కూసున్నది. పిల్లి కూసునే తావు అదే.

మీ తాత మెట్ల మీద నిలవడి, "క్లాసుల పిల్లలు చాలలేదా, కోళ్లకు గూడ హాజరు తీస్తున్నవ్?" అన్నడు. కట్టె పడేసి బాయి గట్టు మీద కూసున్న.

ఎందుకు కూసున్న? చీకటైతే కోడికి కండ్లు కనబడయి. ఉన్న తావునే ముడుసుకుంటది, చేతుల్తోని తీస్కోవచ్చు. కానీ అందాక ఆగాలె. పిల్లికి గూడ ఆ చీకటే కావాలె. ఎలుతురు తగ్గుతున్నకొద్దీ అగో, పెంకుల ఆ చివరకు రానే వచ్చింది. నేను కదిలితే పెట్ట బెదిరి ఎగురుతది, కదలకుంటే పిల్లి ముందుకొస్తది. మిగిలిన కోళ్లన్నీ మళ్ల చెట్టెక్కి సప్పుడు ఆపినయి. మీ తాత ఎప్పుడు దిగిండో, నిచ్చెన తెచ్చి సప్పుడు గాకుండ చూరుకు ఆనిచ్చిండు. నేను ఎక్కిన. పిల్లి కండ్లు నన్నే చూస్తున్నయి. ఎర్రపెట్ట రెక్కల మీద రెండు చేతులేసి అదిమిపట్టిన. దాని గుండె నా అరచేతులల్ల కొట్టుకుంటుంది. కుయ్యిమనలే. దాన్ని గూట్లె పెట్టినంక కొమ్మల మీదియి ఒక్కొక్కటే దింపి, గొళ్లెం పెట్టిన.

కొన్నాళ్లకు జమీలా బీ వచ్చింది. కోళ్లన్నీ ఉన్నయి, సంబురపడ్డది. పొద్దుగూకింది. కోళ్లు చెట్టు దిక్కు చూడను గూడ చూడలే, గోడ దుంకి మా గూట్లెకు పోయినయి. "బంద్ చేసినవా" అన్నది. ఔ అని, జరిగిందంత చెప్పిన. వినుకుంట ఎర్రపెట్ట తోక కాడ తడిమి చూసింది, ఇంట్లకు పోయింది. మస్తు రోజులు నాతోని మాట్లాడలే. కానీ రోజూ మాపటికి మా పెరట్లకొచ్చి, నా మొఖం చూడకుండ, గొళ్లెం ఆమెనే పెట్టేది. తెల్లారకముందే వచ్చి ఆమెనే తీసేది.

అందుకే చెప్తున్న, తలుపెయ్యి. వేసే ముందు లోపల బండలు కదిలినయేమో చూడు, మూలలు చూడు. జైలంటవా... తెల్లారి తీసే మనిషి లేకుంటేనే అది జైలు. నువ్వేమో ఎండ మొఖం మీదికొచ్చేదాక లేవవు. ఆ లేసే గుణం నీకు రావాలె, నీ చేతుల ఏ పాణం పెట్టినా సల్లగ బతకాలె. పో బిడ్డా, ఎలుతురు పోతుంది, ముందుగాల జాంచెట్టు మీది ఆ నల్లపెట్టను దించు... మెల్లగ, రెక్కలు పట్టి...