జేబులో పట్టేది

టెనెసీ కొండల్లో ఓ చిన్న ఊరు. వెండెల్ తుపాకుల కొట్టు. కౌంటరుకి అటు వెండెల్, ఇటు అతని కోడలు టెస్సా.

“...నీకు అమ్మేది ఈ కొట్లో ఏమీ లేదు. వచ్చిన దారి తెలుసుగా, అటే పో.”

“పోతాలెండి. పనయ్యాక పోతా. జేబులో పట్టే పిస్టల్ కావాలి మావయ్యా. చిన్నది.”

“నాక్స్‌విల్ పో. అక్కడ బోలెడు కొట్లున్నాయి.”

“ఊళ్ళో మామగారి కొట్టు పెట్టుకుని నాక్స్‌విల్ దాకా ఎందుకు?”

“మామగారట, మామగారు! నా కొడుకుని కోర్టుకి ఈడ్చినప్పుడు గుర్తు రాలేదా ఈ వరస?”

“ఈడ్చింది మీ అబ్బాయిని. మిమ్మల్ని కాదు.”

“రాయిస్‌ని ఊళ్ళో తలెత్తుకోకుండా చేశావ్. ఏటి ఒడ్డున ఆ డొక్కు ట్రైలర్ ఇంట్లో ఒక్కడే పడుంటున్నాడు. తెలుసా నీకు?”

“తెలుసు. ఉండాల్సింది జైల్లో, అక్కడ మాత్రం లేడు. అదే నా ఖర్మ. పిస్టల్ చూపిస్తారా, చూపించరా?”

“చూపించను.”

“చర్చిలో ఆర్గన్ వాయించే ముసలావిడకి అమ్మారు. ఆవిడకి సరిగ్గా కళ్ళు కూడా కనపడవు. నాకెందుకు చూపించరు?”

“ఆవిడ ఒంటరిది. ఎవరికి భయపడి కొంటోందో నాకు తెలుసు. నువ్వెవరికోసం?”

“మీకు తెలీదూ?”

“నీ నోటితో చెప్పు. వింటా.”

“రాయిస్ కోసం.”

“ఛీ! తండ్రి మొహం మీద ఆ మాట ఎలా అంటున్నావే?”

“మీరడిగారు, చెప్పా. నిన్న బడి దగ్గరికొచ్చాడు. జూనీ చెయ్యి పట్టుకుని ట్రక్కులోకి లాగాడు. టీచరమ్మ అడ్డం పడితే వదిలాడు. పోతూ పోతూ ఏమన్నాడో తెలుసా? ఆదివారం ఇంటికొచ్చి పిల్లని తీసుకుపోతా, ఎవరు ఆపుతారో చూస్తా అని.”

“కన్నకూతురు. చూడాలని ఉండదా వాడికి?”

“చూడ్డానికొచ్చేవాడు తాగి వస్తాడా? నడుముకి పిస్టల్ పెట్టుకుని వస్తాడా?”

“వాడి దగ్గర పిస్టల్ ఎక్కడిది? కోర్టు అప్పగించమంది కదా.”

“పోయిందని చెప్పాడు. నిన్న నడుముకి ఉంది. పుట్టినరోజుకి మీరు కొనిచ్చిందే.”

“...నీకు కోర్టు కాగితం ఇచ్చారుగా, వాడు దగ్గరికి రాకూడదని. అది చూపించు వాడికి.”

“చూపించా. ముక్కలు చేసి నా మొహాన కొట్టాడు. షెరీఫుకి ఫోన్ చేస్తే ఆ కొండ చుట్టూ తిరిగి వచ్చేసరికి అంతా అయిపోతుంది. నేనేం యుద్ధానికి పోవట్లేదు మావయ్యా. నా పిల్లని నా ఇంట్లో ఉంచుకోవాలి. అంతే నా గోల.”

“ఆగు. కింది అరలో ఉన్నాయి... ఆ. చూసి పో. చూడ్డానికేం. గులాబీ రంగుది కావాలా అమ్మగారికి?”

“వెటకారాలు వద్దు.”

“ఇదిగో. ఆడవాళ్ళందరూ దీన్నే అడుగుతారు.”

“అబ్బ, ఎంత ముద్దుగా ఉంది. అరచేతిలో పట్టేసింది.”

“ముద్దుగా ఉంటే ముద్దు పెట్టుకో! ఆగాగు. ఏంటది? ఇవ్వగానే అలా తీసేసుకుంటావా?”

“మీరే ఇచ్చారుగా!”

“ఇస్తే? లోపల తూటా ఉందో లేదో చూసుకోవద్దూ?”

“మీరు చూసే ఇచ్చుంటారు కదా.”

“నేను చూస్తే నువ్వు చూసినట్టా? దేవుడు దిగొచ్చి చేతికిచ్చినా సరే, ముందు తెరిచి చూడాలి. ఆ తర్వాతే ఏదైనా. ఇన్నేళ్ళు నా కొడుకుతో కాపురం చేశావ్, ఇది కూడా నేర్పలేదా వాడు?”

“మీ అబ్బాయి నేర్పినవి వేరే ఉన్నాయిలెండి.”

“ఆ నోరు! ఆ నోరే నీ సంసారాన్ని...”

“ఊఁ, పూర్తి చెయ్యండి.”

“తెరువు. పైభాగం వెనక్కి లాగు.”

“రావట్లేదు.”

“గట్టిగా లాగవే.”

“గట్టిగానే లాగుతున్నా. పట్టేసినట్టుంది. పాడైపోయిందా ఏంటి?”

“నా కొట్లో పాడైపోయినవి అమ్మను. చిన్నదానికి స్ప్రింగు బిగువు. అందరూ పడే పొరపాటే ఇది. చిన్నదైతే తేలిగ్గా ఉంటుందనుకుంటారు. చిన్నదయ్యే కొద్దీ మొండికేస్తుంది. లాగడమూ కష్టమే, పేలిస్తే చెయ్యి అదిరిపోతుంది. ఎడం చేత్తో పైన బిగించి పట్టుకో, కుడి చెయ్యి ముందుకి తొయ్యి. చిన్నపిల్లలు కూడా చేస్తారు.”

“ఎడం చెయ్యి బిగించడం కుదరదు మావయ్యా.”

“ఎందుకు కుదరదు?”

“తెలీదూ?”

“మాటకి ముందు తెలీదూ, తెలీదూ! తెలీదు. చెప్పు.”

“మణికట్టు. లోపల రేకు పెట్టి మరలు బిగించారు. పట్టు రాదు.”

“ఓ, అదా. మెట్ల మీంచి పడ్డావే, అప్పటిదా.”

“ఏ మెట్లు?”

“మీ వరండా మెట్లు. మంచు పడ్డప్పుడు.”

“మా వరండాకి మెట్లెక్కడున్నాయి మావయ్యా? ఆ ఇల్లు కట్టించింది మీరే కదా. అత్తయ్య ఎక్కలేదని నేలకి సమంగా కట్టించారు.”

“ఏదో... మెట్లో, గట్టో. నాకు గుర్తు లేదు.”

“నాకు గుర్తుంది. చర్చిలో అందరి ముందూ లేచి నిలబడ్డారు. పాపం కోడలు మెట్ల మీంచి జారిపడింది, ప్రార్థన చెయ్యండి అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. లేని మెట్ల మీంచి పడ్డ నాకోసం ప్రార్థన! కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నేనూ కళ్ళు మూసుకున్నా. సిగ్గుతో చచ్చిపోయాను.”

“ఇంటి గుట్టు వీధిలో పెట్టమంటావా?”

“గుట్టు మీది. విరిగింది నా చెయ్యి.”

“...అది నీకు పనికిరాదు. ఇటియ్యి.”

“మరేది పనికొస్తుంది?”

“రివాల్వర్. లాగేదేమీ ఉండదు. చక్రం పక్కకి తెరుచుకుంటుంది. తూటాలు పెట్టి మూసేస్తే అంతే.”

“అది చూపించండి.”

“చిన్నవి అయిపోయాయి. పెద్దది ఉంది. జేబులో పెడితే జేబు చిరిగి కింద పడుతుంది. వచ్చేవారం రప్పిస్తా.”

“వచ్చేవారమా? ఆదివారం నాడు రాయిస్‌తో ఏమని చెప్పమంటారు? ఇంకా సరుకు రాలేదు, మళ్ళీ రా అని చెప్పనా?”

“అయినా నీవల్ల అవుతుందా అసలు? పొద్దస్తమానం ఒంటి మీద మొయ్యాలి. దానికి తోలు ఒర ఉండాలి. ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు. తాళాలు వద్దు, చిల్లర వద్దు, పిల్ల ఇచ్చిన చాక్లెట్ కాగితాలు వద్దు.”

“ఒక జేబు దానికే ఇచ్చేస్తా.”

“ఇంట్లో పిల్ల ఉంది. గుర్తుందా?”

“పిల్ల కోసమేగా ఇదంతా! ఒంటి మీద లేనప్పుడు పెట్టెలో పెట్టి తాళం వేస్తా. పోనీ, తూటాలు తీసేసి జేబులో పెట్టుకుంటే? ఊరికే బెదిరించడానికి...”

“నోర్ముయ్! నా కొట్లో ఆ మాట అనకు. తూటాల్లేని తుపాకీ జేబులో వేసుకు తిరిగేవాడంత వెధవ ఇంకోడు లేడు. ఇనప ముక్క అది. చూసి ఎదుటివాడు రెచ్చిపోతాడు, నీ దగ్గరేమో ఏమీ ఉండదు. కాల్చగలిగితే నింపుకో. కాల్చలేకపోతే మొయ్యకు. నా దగ్గర కొన్న ప్రతివాడికీ ఇదే చెప్తా.”

“నాకు చెప్పలేదు.”

“ఇప్పుడు చెప్తున్నా. వాడు గుమ్మంలోకొచ్చాడు. నువ్వు తీశావ్. కాల్చగలవా?”

“వెనక్కి పోతే కాల్చను.”

“పోకపోతే?”

“...కాలుస్తా. ఏడుస్తూ కాలుస్తా. ఒకప్పుడు రాయిస్ అంటే నాకు ప్రాణం. మీకూ తెలుసు.”

“నా కొడుకుని! నా కొట్లో నిలబడి, నాతోనే!”

“అవును, మీతోనే. మీకు తెలీకుండా నాక్స్‌విల్‌లో కొనుక్కోవడం నాకు చేతకాలేదు. అందుకే ఇక్కడికొచ్చి మీతో తిట్లు తింటున్నా.”

“పో. పో ఇక్కణ్ణించి. మీ అత్త వింటే గుండె ఆగి చస్తుంది.”

“అత్తయ్య ఎక్కడ? చర్చిలో కూడా కనపడట్లేదు.”

“వాళ్ళ చెల్లెలింట్లో ఉంది. మోకాళ్ళకి వైద్యం.”

“థాంక్స్‌గివింగ్ పండగ నుంచీనా?”

“మోకాళ్ళంటే మాటలా?”

“ఫోన్ చేస్తే ఎత్తట్లేదు.”

“వినపడి ఉండదు.”

“వైద్యం మోకాళ్ళకి కదా?”

“నా పెళ్ళాం సంగతి నీకెందుకే!”

“సరే, అడగను. ఇందాక మీరు కింది అరలోకి వంగినప్పుడు కుడి జేబులో ఏదో ఉబ్బెత్తుగా కనపడింది. ఏంటది?”

“కళ్ళజోడు.”

“కళ్ళజోడు మీ ముక్కు మీద ఉంది.”

“...పాత రివాల్వర్. కొట్టు సరుకు కాదు. నా సొంతం.”

“చిన్న రివాల్వర్ లేదన్నారు!”

“అమ్మేది లేదన్నా.”

“ఎవరికోసం మోస్తున్నారు?”

“తుపాకుల కొట్టు నడిపేవాణ్ణి. దొంగలు రారా?”

“బెల్టుకి అంత పెద్దది వేలాడుతోంది. గోడ నిండా తుపాకులే. దొంగలకి ఇవి చాలవా? జేబులో ఆ చిన్నది ఎవరికోసం మావయ్యా?”

“ఊరికే.”

“థాంక్స్‌గివింగ్ నుంచీ ఊరికేనా?”

“అమ్మాయ్, ఇంక చాలు.”

“అత్తయ్య మోకాళ్ళకేమైంది?”

“చాలన్నానా!”

“ఏమైంది మావయ్యా?”

“...రాయిస్ తాగున్నాడు ఆ రోజు. పండగ భోజనం, అప్పటిదాకా బాగానే తింటున్నాడు. ఏదో మాట వచ్చింది. బల్ల ఎత్తి పడేశాడు. ఆవిడ అటు పక్క ఉంది. కావాలని చెయ్యలేదు. కావాలని చెయ్యలేదు వాడు.”

“నా చెయ్యి విరిచినప్పుడు కూడా కావాలని చెయ్యలేదనే అన్నాడు.”

“ఆస్పత్రిలో ఆవిడ ఏం చెప్పిందో తెలుసా? మెట్ల మీంచి పడ్డానంది.”

“అయ్యో, అత్తయ్యా!”

“మా ఇంటి తాళంచెవి వాడి దగ్గరే ఉంది. తిరిగివ్వమని అడగలేను. తాళం మారిస్తే ఎందుకు మార్చావని ఊరంతా అడుగుతారు. రాత్రి ట్రక్కు చప్పుడు వినపడితే చాలు, లేచి కూచుంటున్నా. ఈ వయసులో, నా ఇంట్లో.”

“ఆ రివాల్వర్ నాకివ్వండి మావయ్యా. ఆదివారం గడిచేదాకా. మిమ్మల్ని బతిమాలుకుంటున్నా.”

“ఇది వద్దమ్మాయ్.”

“మావయ్యా.”

“ఇదిగో. పట్టుకో.”

“ఆగండి. తెరిచి చూడాలిగా.”

“అక్కర్లేదు. నేను ఎప్పుడూ చూస్తూనే ఉంటా.”

“మీరు చూస్తే నేను చూసినట్టా? దేవుడిచ్చినా సరే తెరవాలన్నారుగా. చక్రం ఇటేగా తెరుచుకునేది... మావయ్యా.”

“ఊఁ.”

“ఇందులో ఏమీ లేవు.”

“ఊఁ.”

“ఎప్పట్నుంచి?”

“జేబులో వేసుకున్న రోజు నుంచీ. పొద్దున్నే తూటాలు బల్ల మీద పెట్టుకుంటా. నింపుదామనే కూచుంటా. వాడు చిన్నప్పుడు ఆ బల్ల కిందే ఆడుకునేవాడు. చేతులు రావు. మళ్ళీ డబ్బాలో పోసేసి, దీన్ని జేబులో వేసుకుని వచ్చేస్తా.”

“ఇనప ముక్క అన్నారు. అలా తిరిగేవాడు వెధవ అన్నారు.”

“అన్నా. నన్నే అన్నా.”

“మీరు కూచోండి మావయ్యా. ఇది మీ దగ్గరే ఉంచుకోండి. నేనింకేదో చూసుకుంటా. జూనీ బడి వదిలే వేళైంది, వెళ్తా.”

“ఎక్కడికి వెళ్తావ్? ఆగు. దాన్నిటియ్యి. నా చేత్తోనే నింపి ఇస్తా, పట్టుకుపో.”