పొద్దున సగం, రాత్రి ఒకటి

నన్ను అందరూ కాజాలక్క అంటారు. వయసు యాభై. పదో తరగతి వరకు చదువుకున్నాను. బజారు మూలనున్న దర్జీ దుకాణంలో చొక్కాలకు కాజాలు తీసి గుండీలు కుడతాను. భర్త పోయారు, పిల్లలు లేరు. దుకాణం వెనకాల రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను. చనిపోయిన పాలిష్ మేస్త్రీ నాకు తోడబుట్టిన తమ్ముడు. వాడికి నలభై మూడు. ఇన్‌స్పెక్టర్‌గారు అడుగుతుంటే నేను చెబుతున్నాను, రైటర్‌గారు రాస్తున్నారు. ఇక్కడ పోలీస్ స్టేషన్‌లో నన్నెవరూ బెదిరించలేదు. కుర్చీ వేశారు, మంచినీళ్ళు ఇచ్చారు.

నేను ఎవరి మీదా కేసు పెట్టడానికి రాలేదు. ఆసుపత్రి కాగితంలో నా తమ్ముడి గురించి ఒక మాట రాశారు. ఆ మాట నేనే చెప్పానని కూడా రాశారు. దాన్ని తీసేయించాలని వచ్చాను. ముందు అది రాసుకోండి అని అడిగాను. సరే అన్నారు.

మా తమ్ముడు తలుపులకు, మంచాలకు, బల్లలకు లక్క పాలిష్ పెడతాడు. మంచి పనివాడు. వాడు పాలిష్ పెట్టిన బల్ల మీద మొహం చూసుకోవచ్చు. వాడికి చాలా ఏళ్ళుగా ఆ అలవాటు ఉండేది. తాగుడు అని రాయమంటారా అని రైటర్‌గారు అడిగారు. రాయండి. నా నోటితో నేను ఆ మాట అనను. మా ఇంట్లో నా ముందు ఎవరూ అనరు.

పోయినేడాది మా మరదలు పాపను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. వెళ్ళేటప్పుడు నాతో, "వదినా, ఈయన ఒట్లు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. ఈయన మానేశానంటే నమ్మను. నువ్వు చెప్పు. నువ్వు అబద్ధమాడవు. నీ నోటితో మానేశాడని చెప్పిన రోజు పాపను తీసుకుని వస్తాను" అంది. ఆ మాట నేను మరిచిపోలేదు.

వాడు మా ఇంటికి వచ్చేశాడు. కూర్చున్నచోటే ఆయాసపడుతుంటే మా వీధి చివరి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వాడి మణికట్టు పట్టుకుని చూసి, "ఊరికే కూర్చున్నవాడివి, నీ గుండె మాత్రం మెట్లెక్కుతున్నవాడి గుండెలా కొట్టుకుంటోంది" అన్నారు. తాగిన రాత్రి మనిషి పడుకుంటాడు గానీ గుండె పడుకోదట. తెల్లారి లేచాక కూడా దాని పరుగు నిలవదట. ఏళ్ళ తరబడి అలా పరుగెత్తిస్తే అది లయ తప్పుతుందట. మానేస్తే కొన్ని వారాలకు నెమ్మదిస్తుందన్నారు. మాత్రలు రాసిచ్చారు. నాడి చూడటం నాకు నేర్పించారు. బొటనవేలి కింద రెండు వేళ్ళు ఆనించి, గడియారం ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా లెక్కపెట్టాలి. లేచాక, టీ తాగకముందు, మాట్లాడించకుండా చూడాలి.

నేను పొద్దున ప్రార్థన ముగించుకుని వచ్చి వాడి చెయ్యి పట్టుకునేదాన్ని. మొదట్లో తొంభై దాటి ఉండేది. వాడు నవ్వేవాడు. "పోలీసులు ఊదమంటారు, నువ్వు చెయ్యి పట్టుకుంటావు. వాళ్ళనైనా ఏమార్చవచ్చు గానీ నిన్ను ఏమార్చలేనక్కా" అనేవాడు. ఇలా అన్నాడని చెప్పినందుకు మీరు ఏమీ అనుకోవద్దు. ఒక్కసారి, మానేసిన కొత్తలో, అంకె మళ్ళీ పైకి పోయింది. నేనేమీ అడగలేదు. వాడే తల దించుకుని, "చేతికి కూడా నోరుంటుందని తెలియదే" అన్నాడు. తర్వాత ఎప్పుడూ అలా కాలేదు. ఎనభై అయింది, డెబ్బై రెండు అయింది. మనిషి మొహం కూడా మారింది. అద్దంలో చూసుకుని, "ఎవడ్రా వీడు, ఎక్కడో చూసినట్టుంది" అన్నాడు.

అప్పుడు నేను మరదలికి ఫోన్ చేశాను. "మానేశాడమ్మా" అన్నాను. మళ్ళీ చెప్పమంది, చెప్పాను. తర్వాత, "నువ్వు అంటున్నావు కాబట్టి వస్తాను వదినా. ఆదివారం పాపను తీసుకొస్తాను" అంది.

ఇది జరిగింది ఆ ఆదివారానికి ముందు గురువారం.

గురువారం పొద్దున వాడు వసారాలో ఎవరిదో తలుపు రెక్కకు పాలిష్ పెడుతున్నాడు. పాలిష్ అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క. గుడ్డ ముద్దతో రుద్దుతారు. వేళ్ళన్నీ గోధుమరంగులో ఉంటాయి. ఎంత సబ్బు పెట్టినా ఆ వాసన పోదు, చొక్కాకీ జుట్టుకీ పట్టేసి ఉంటుంది. ఆదివారంలోగా పని తెమల్చుకోవాలని ఆ రోజు లేస్తూనే మొదలుపెట్టాడు. నేను లోపలినుంచి వచ్చి చెయ్యి ఇవ్వమన్నాను. లెక్కపెట్టలేకపోయాను. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. మిషన్‌లో దారం తెగాక సూది ఊరికే టకటకా పరుగెత్తుతుందే, అలా ఉంది. మధ్యలో ఆగుతోంది, మళ్ళీ పరుగెత్తుతోంది.

"నోరు తెరువు" అన్నాను.

"అక్కా, ఇంకా అనుమానమేనా?"

"అనుమానం కాదురా, భయం."

వాడు చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు. నేను దగ్గరగా మొహం పెట్టి చూశాను. నోట్లో వాసన లేదు. చేతులకు, చొక్కాకు ఉన్న వాసన పాలిష్‌ది. "పాప మీద ఒట్టు" అన్నాడు. ఒట్టు అక్కర్లేదన్నాను. వాడు ఆ రోజు తాగలేదు. అంతకుముందు రోజు కూడా తాగలేదు. ఈ వాక్యం పెద్ద అక్షరాలతో రాయమన్నాను. వాంగ్మూలంలో అలా రాయరని రైటర్‌గారు చెప్పారు.

పొద్దున వేసే సగం మాత్ర ఇచ్చాను. పడుకోబెట్టాను. తొమ్మిదింటికి వాడికి చెమటలు పట్టాయి. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందన్నాడు. వీధి చివరి డాక్టరుగారు ఊళ్ళో లేరు. పక్కింటి పాలవ్యాన్ డ్రైవరు తన బండిలో మమ్మల్ని పెద్దాసుపత్రికి చేర్చాడు. అప్పటికి పది కావస్తోంది. వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి నేను కౌంటర్ దగ్గర వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి తమ్ముడు కూడా గోడ పట్టుకుని లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఒక్కణ్ణీ కూర్చోలేక వచ్చానన్నాడు.

అద్దం వెనక ఉన్న అబ్బాయి వాణ్ణి చూసి మూతి ముడిచాడు. అక్కడ జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను.

"ఏమైందమ్మా?"

"గుండె దడ బాబూ. లెక్కకు అందడం లేదు."

"మందు వేసుకున్నాడా?"

"వేసుకున్నాడు బాబూ. పొద్దున లేచాక."

"పొద్దున్నేనా! రోజూ ఇంతేనా?"

"రోజూ అంతే. ఒక్కపూట కూడా తప్పనివ్వను. నేనే దగ్గరుండి వేయిస్తాను."

"నువ్వే వేయిస్తావా?"

"వాడికి మతిమరుపు బాబూ. నీళ్ళు కూడా నేనే అందిస్తాను."

"ఎంతేమిటి?"

"పొద్దున సగం, రాత్రి ఒకటి."

"పొద్దున హాఫ్, రాత్రి ఫుల్. అంతేగా?"

"అంతే బాబూ."

నా వెనక నిలబడినతను గట్టిగా నవ్వి, "ఇలాంటి అక్క నాకూ ఉంటే ఎంత బాగుండేది!" అన్నాడు. నేను వెనక్కి తిరిగి అతన్ని చూసి నవ్వాను. మెచ్చుకుంటున్నాడనుకున్నాను. తమ్ముడు మాత్రం, "అది కాదు..." అని ఏదో అనబోయాడు. ఊపిరి అందక మాట పూర్తిచేయలేదు. నేను వీపు రాస్తూ, "నువ్వు మాట్లాడకు, నేను చెబుతున్నాగా" అన్నాను.

మందు అనే మాటకు ఇంకో అర్థం ఉందని మీకు తెలియదా అని ఇన్‌స్పెక్టర్‌గారు అడిగారు. తెలుసు. బజారులో పనిచేసేదాన్ని, ఎందుకు తెలియదు. కానీ ఆసుపత్రిలో నిలబడి మందు అంటే మందే అనుకున్నాను.

వాణ్ణి తోపుడు మంచం మీద పడుకోబెట్టి నడవాలో గోడవారగా పెట్టారు. లోపలికి తీసుకెళ్ళలేదు. వెనక వచ్చినవాళ్ళను లోపలికి పిలుస్తున్నారు. నేను నర్సమ్మగారి చెయ్యి పట్టుకుని, ఒకసారి నాడి చూడమ్మా అని బతిమాలాను. ఆవిడ మంచిగానే వచ్చింది. చెయ్యి పట్టుకుని చూసి, "తాగినవాళ్ళకు ఇలాగే కొట్టుకుంటుందమ్మా. దిగితే అదే తగ్గుతుంది. పడుకోనివ్వండి" అంది.

"వీడు తాగలేదమ్మా."

నేను ఆ మాట అన్నది అదే మొదటిసారి. మళ్ళీ ఇక్కడ మీ ముందే అంటున్నాను.

"కౌంటర్‌లో మీరే చెప్పారటగా? స్పిరిట్ వాసన నాకే వస్తుంటే!"

"అది పాలిష్ వాసనమ్మా. వీడు తలుపులకు పాలిష్ పెడతాడు. వేళ్ళు చూడండి."

ఆవిడ వేళ్ళు చూసింది. అంతలో లోపలినుంచి ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

అప్పుడు నాకు అర్థమైంది. నేను చెప్పిన ప్రతి మాటా ఒక్కొక్కటే గుర్తొచ్చింది. కౌంటర్ దగ్గరికి పరుగెత్తాను. వరసలోవాళ్ళు కేకలేశారు. "బాబూ, మందు అంటే మాత్ర. గుండె మాత్ర. సగం మాత్ర" అని చెప్పాను. ఆ అబ్బాయి తలెత్తకుండా, "మొదట నిజం చెప్పారు. ఇప్పుడు భయమేసి మాట మారుస్తున్నారు. మాకు కొత్తేం కాదమ్మా, పక్కకు జరగండి" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. రోజూ ఎంతమంది అబద్ధాలు విని ఉంటాడో.

మాత్రల అట్ట చూపిద్దామంటే ఇంటి దగ్గరే ఉండిపోయింది. డ్రైవర్ అబ్బాయి తెస్తానని వెళ్ళాడు.

నేను తిరిగి వచ్చేసరికి తమ్ముడు కళ్ళు తెరిచే ఉన్నాడు. "గొడవ పడకక్కా" అన్నాడు. "తాగినన్నాళ్ళూ తాగలేదంటే నమ్మారు. ఇప్పుడు చూడు" అని నవ్వబోయాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. వాడి నాడి ఇంకా పరుగెత్తుతూనే ఉంది. నేను దేవుణ్ణి అడుగుతూ ఉన్నాను. నెమ్మదించనివ్వు తండ్రీ, నెమ్మదించనివ్వు అని అడిగాను. వేరే ఏమీ అడగలేదు.

కాసేపటికి నెమ్మదించింది. నా వేళ్ళ కింద తెలిసింది. పరుగు తగ్గింది. ఇంకా తగ్గింది. నేను కళ్ళు మూసుకుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే ఉన్నాను. వేళ్ళ కింద ఏమీ తెలియకపోతే నా వేళ్ళు తిమ్మిరెక్కాయనుకుని రెండో చేత్తో పట్టుకున్నాను. తర్వాత మెడ దగ్గర చూశాను. తర్వాత అరిచాను. నేను గట్టిగా మాట్లాడటమే ఎవరూ ఎరగరు. అరిచాను. అప్పుడు అందరూ వచ్చారు. డాక్టర్లు ఛాతీ మీద చాలాసేపు ఒత్తారు. ఒక పెద్ద డాక్టరుగారు చొక్కా తడిసిపోయేదాకా ఒత్తారు. ఆయన పేరు నాకు తెలియదు. పదకొండున్నర దాటాక అయిపోయిందన్నారు. అప్పుడే డ్రైవర్ అబ్బాయి మాత్రల అట్ట పట్టుకుని వచ్చాడు.

రక్తపరీక్ష చేశారా అని ఇన్‌స్పెక్టర్‌గారు అడిగారు. చెయ్యలేదట. అడగాలని నాకు తెలియదు. మర్నాడు అంత్యక్రియలు అయిపోయాయి. ఇంక పరీక్షించడానికి ఏమీ మిగల్లేదు.

మరదలు, పాప ఆదివారం వస్తామన్నవాళ్ళు శుక్రవారమే వచ్చారు. ఆసుపత్రి కాగితం మరదలు చదివింది. అందులో "రోజూ మద్యం సేవిస్తాడని, ఆ ఉదయం కూడా సేవించాడని రోగి అక్క తెలిపింది" అని ఉంది. నేను జరిగినదంతా చెప్పాను. ఇప్పుడు మీకు చెప్పినట్టే చెప్పాను. ఆ అమ్మాయి విన్నది. ఏడవలేదు. "మానేశాడన్నదీ నువ్వే. తాగాడన్నదీ నువ్వే. నువ్వు అబద్ధమాడవని కదా వదినా నిన్ను అడిగాను. ఇందులో ఏది నమ్మమంటావు?" అంది. నేను మందు, మాత్ర అని ఏదో మళ్ళీ మొదలుపెట్టాను. "తమ్ముడి మీద ప్రేమ. నాకు అర్థమవుతుందిలే" అంది. ఆ అమ్మాయి నన్ను ఓదార్చడానికే అలా అంది.

పాపకు పదమూడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, "అత్తా, నేను వస్తున్నానని తెలిసి కూడా నాన్న తాగాడా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. అది నా మొహంలోకి చూసి, తల్లి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

అందుకని వచ్చాను. నాకు ఇంకేం అక్కర్లేదు. ఆ అబ్బాయి ఉద్యోగం పోవాలని లేదు. నర్సమ్మగారికి మాట రావాలని లేదు. పాప చేతికి ఇవ్వడానికి ఆ వాక్యం లేని కాగితం ఒకటి కావాలి.

ఇన్‌స్పెక్టర్‌గారు నిదానంగానే అడిగారు. "వేసుకున్నాడా అంటే వేసుకున్నాడన్నారు కదమ్మా?" అంటే అవునన్నాను. "రోజూనా అంటే రోజూ అన్నారు?" అంటే దానికీ అవునన్నాను. "మీరు చెప్పినట్టే రాసుకున్నామని వాళ్ళంటే, కాదని ఎలా అంటాం?" అన్నారు. ఆసుపత్రి కాగితంలో వాక్యం తీసే అధికారం తనకు లేదని, ఈ వాంగ్మూలం దానికి జతచేయమని పైకి పంపగలనని అన్నారు. అంటే రెండు కాగితాలూ ఉంటాయి. రెండింటిలోనూ నా మాటే ఉంటుంది.

ఇదంతా నాకు చదివి వినిపించారు. మందు అన్నచోటల్లా మాత్ర అని దిద్దమని అడిగాను. సాక్షి చెప్పిన మాటను మార్చకూడదన్నారు. అలాగే ఉంచమన్నాను. ఇందులో నేను అబద్ధం చెప్పలేదు. ఆ రోజు కౌంటర్ దగ్గర కూడా అబద్ధం చెప్పలేదు. తెలిసి, నా ఇష్టంతో సంతకం చేస్తున్నాను.

సం/- కాజాలక్క
పాలిష్ మేస్త్రీ అక్క

సాక్షి చెప్పగా నా ఎదుట రాసినది.
సం/- ఇన్‌స్పెక్టర్