పగటి నిద్ర

రాత్రంతా బ్రెడ్డు ఫ్యాక్టరీలో నిలబడి, పగలు కాస్త కన్ను మూసి లేచిన తల్లి, సాయంత్రం కొడుకును తీసుకెళ్ళడానికి పక్కింటికి వచ్చింది. పక్కింటి అక్క కుట్టు మిషను తొక్కుతూనే ఉంది. ఆమె నాలుగేళ్ళ కూతురు గుమ్మంలో బట్టపీలికలతో ఆడుకుంటోంది.

"అది కాదక్కా నేనడిగేది. ఇవాళైనా ఏమైనా అన్నాడా?"

"ఎవరు?"

"ఎవరేంటి? మావాడు."

"అన్నం శుభ్రంగా తిన్నాడు. మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు. ఈమధ్య అరటిపండు కూడా తింటున్నాడు, తెలుసా?"

"తిండి సంగతి కాదు. మాట."

"మాటంటే... పిల్లాడు కదా, రాక ఎక్కడికి పోతుంది? ముందు నువ్వు కూర్చో. నిలబడే నిద్రపోయేట్టున్నావు."

"కూర్చుంటే లేవలేను. రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. పిల్లలకి మాటలు రాకపోతే చూసే ఆవిడ. ఎన్ని మాటలొచ్చని అడుగుతుందట. ఏం చెప్పను? మూడో ఏడు నిండబోతోంది, ఒక్కటీ లేదని చెప్పనా?"

"రేపేనా? వచ్చేవారమన్నావు!"

"ముందుకు జరిపారు. ఏం, రేపైతే ఏమైంది?"

"ఏం లేదు. ఆ కత్తెర ఇలా అందుకో."

"ఇదుగో. నువ్వేదో అనబోయావు."

"దారం తెగింది, అంతే. ఇంతకీ ఇంట్లో వాళ్ళేమంటున్నారు?"

"ఏమంటారు? తలా ఒకటి. వాడి మేనత్తకి ఐదేళ్ళు వచ్చేదాకా మాట రాలేదట, వచ్చాక ఇప్పటిదాకా ఆపలేకపోయారట. మా అత్తగారు ఊరినుంచి ఫోను చేసినప్పుడల్లా అదొక్కటే చెప్తుంది. ఆయనైతే తేల్చేశాడు. డాక్టరమ్మ ఏదైనా లోపం ఉందంటే ఫ్యాక్టరీ మానేయమన్నాడు."

"మానేస్తావా?"

"సూపర్‌వైజరుతో అన్నాను కూడా, రేపటి తర్వాత రానేమో అని."

"ఏమన్నాడు?"

"సరే, నీ చోట్లో ఇంకొకర్ని చూసుకుంటాం అన్నాడు. అంతే. టీ తాగుతూ అన్నాడు. పెళ్ళికి ముందునుంచీ ఆ రొట్టెలొచ్చే బెల్టు ముందే నిలబడ్డాను."

"అయ్యో. నీకేమీ అనిపించలేదూ?"

"లేదక్కా. అదే నాకూ వింతగా ఉంది. వాడికి మాట రాదేమో అనుకున్నా ఏమీ లేదు, ఉద్యోగం పోతుందనుకున్నా ఏమీ లేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లితే తెలీదు చూడు, ఒళ్ళంతా అట్లా ఉంది."

"నిద్ర చాలక అదంతా."

"నిద్రపోతున్నాగా. కళ్ళు మూస్తే మళ్ళీ బెల్టే. మాడిన రొట్టె పక్కకి తీయాలి, చీలిన రొట్టె పక్కకి తీయాలి. పోయిన ఆదివారం ఆయన చూశాడట, నిద్రలోనే దిండు లాగి మంచం కింద పడేశానట. మాడిపోయింది అన్నానట."

"పిన్నీ! తమ్ముడు నన్ను కోతి అన్నాడు."

"ఏంటి చిట్టీ?"

"తమ్ముడు. నన్ను. కోతి అన్నాడు. నేనేమీ అనలేదు, ఊరికే వాడి కారు తీసుకున్నా."

"చిట్టీ, లోపలికి పో. తమ్ముడు లేచాడేమో చూడు."

"వాడు ఎప్పుడో లేచాడమ్మా. కిటికీ దగ్గర చీమల్ని లెక్కపెడుతున్నాడు. ఒకటి, రెండు, ఐదు అంటున్నాడు. ఐదు తర్వాత మళ్ళీ రెండు అంటాడు. వాడికి సరిగ్గా రాదు."

"పొమ్మన్నానా లేదా!"

"పోతున్నా. ఊరికే అరుస్తావు."

"అక్కా."

"దాని మాటలు పట్టించుకోకు. దానికి నోరాగదు. నిన్న కుర్చీ కూడా తనతో మాట్లాడిందంది."

"అక్కా, మిషను ఆపు."

"ఈ అంచు ఒక్కటీ అయిపోతే..."

"ఆపు."

"ఆపాను. చెప్పు."

"వాడు మాట్లాడతాడా?"

"నీళ్ళు తాగుతావా? కుండలో చల్లగా ఉన్నాయి."

"వాడు మాట్లాడతాడా అక్కా?"

"మాట్లాడతాడు."

"ఎప్పట్నుంచి?"

"వానలు వెలిసినప్పట్నుంచి. మొదట దారం అన్నాడు. రీలు పట్టుకుని దారం, దారం అంటూ ఇల్లంతా తిరిగాడు. ఇక ఆగితేనా? పెద్దమ్మా అదేంటి, పెద్దమ్మా ఇదెందుకు. నా చెవులు తినేస్తున్నాడు తల్లీ."

"వానలు వెలిసి ఎన్నాళ్ళయింది!"

"తెలుసు."

"రోజూ అడిగాను. ఇదే గుమ్మంలో నిలబడి రోజూ అడిగాను. అన్నం తిన్నాడు, నిద్రపోయాడు అన్నావు."

"ఏమని చెప్పను మరి? నీ కొడుకు నాతో మాట్లాడతాడు, నీ చెప్పుల చప్పుడు వినపడితే మాత్రం నోరు మూసుకుంటాడు అని చెప్పనా? కన్నతల్లి ముఖం మీద ఆ మాట ఎవరంటారు? ఇవాళ కాకపోతే రేపు ఇంట్లోనూ మొదలుపెడతాడులే అనుకున్నా. రేపు, రేపు అనుకుంటూనే ఇంతదాకా వచ్చింది."

"ఊఁ."

"ఇంకోటి కూడా ఉంది. దాచడమెందుకు. నాకూ బాగుండేది. రోజంతా మిషనుతో మాట్లాడుకునేదాన్ని, వాడొచ్చాక ఒక తోడు. నీకు చెప్తే తీసుకుపోయి ఇంకెక్కడైనా వేస్తావేమోనని భయం వేసింది. తిట్టు. కోపం తెచ్చుకుని తిట్టు, నాకు తేలికవుతుంది."

"రావట్లేదక్కా. నిజంగా నేను రాగానే మూసుకుంటాడా?"

"మెట్ల మీద నీ అడుగు పడితే చాలు. పాడుతున్న పాట సగంలో మింగేస్తాడు. ఇవాళ నువ్వొచ్చేసరికి నిద్రలో ఉండబట్టి వినలేదు."

"పాట కూడా పాడతాడా?"

"నా మతి మండ. అది చెప్పకుండా ఉండాల్సింది."

"నా గురించి ఏమైనా అంటాడా?"

"అమ్మ రొట్టెల దగ్గరుంది అంటాడు. వేడి రొట్టె చెయ్యి కాలుస్తుంది అంటాడు. నీ వేలి మీద మచ్చ చూశాడు కాబోలు."

"నేను నమ్మను. నా ముందు పిలువు."

"ఇప్పుడు వద్దులే..."

"పిలువు."

"చిట్టీ! తమ్ముణ్ణి తీసుకురా."

"వచ్చాడమ్మా. కారు ఇస్తేనే వస్తానన్నాడు, ఇచ్చేశా."

"ఏరా బుడ్డోడా, అమ్మొచ్చింది చూడు. ఇందాక చీమలు ఎన్నున్నాయి? అమ్మకి చెప్పు."

"చెప్పు నాన్నా. అమ్మ వింటుంది. ఎన్ని చీమలు?"

"చెప్పరా, మా బంగారం కదూ. ఇందాక వాగుడుకాయలా వాగావుగా!"

"చూశావా అక్కా? వేలు పెదాల మీద పెట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు చేతులు అడ్డంగా పెట్టాడు. అంటే చాలు, ఆపమని. ఇంట్లోనూ అంతా ఇదే. ఆకలైతే చెయ్యి నోటి దగ్గరికి, నీళ్ళు కావాలంటే బొటనవేలు. నాకన్నీ అర్థమవుతాయి."

"ఆ సైగలు వాడికెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. అవి... ఫ్యాక్టరీలో మేం చేసుకునేవి."

"ఫ్యాక్టరీలోనా?"

"మిషన్ల హోరులో మాట వినపడదక్కా. గొంతు చించుకున్నా వినపడదు. అందుకే అన్నీ చేతులతోనే. చేతులు అడ్డం పెడితే బెల్టు ఆపమని. పిడికిలి చూపిస్తే ట్రేలు అయిపోయాయని. పొద్దున ఇంటికొచ్చాక కూడా నాకు నోరు పెగలదు. వాడి వైపు చెయ్యి ఊపితే చాలు, అర్థం చేసుకునేవాడు. ఏడవడు, గొడవ చెయ్యడు, ఎంత బుద్ధిమంతుడో అని మురిసిపోయాను."

"చిట్టీ, తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్ళి ఆడించు పో. మరి ఆ పెదాల మీద వేలు?"

"అది నేనే నేర్పాను. నీ దగ్గర వదలకముందు పగలంతా నా పక్కనేగా ఉండేవాడు. నేను పడుకుంటే మంచం దగ్గర కూర్చుని ఆడుకునేవాడు. బొమ్మ కింద పడితే ఉలిక్కిపడి లేచి కసిరేదాన్ని. అమ్మ పడుకుంది, ష్ అని. నోరు తెరిస్తే చాలు, ష్. ఒకసారి మూతి మీద కొట్టాను కూడా. గట్టిగానే."

"ఊరుకో."

"ఊరుకోవడానికి నేనేం ఏడవట్లేదుగా. ఏడుపు కూడా రావట్లేదు. వాడికి లోపమేమీ లేదక్కా. నేను మాట్లాడొద్దన్నాను, వాడు మానేశాడు. అంతే."

"నిద్ర లేనివాళ్ళు కసరక ఏం చేస్తారు? చిట్టిని నేను పెంచలేదా? పాకే వయసులో నడుముకి గుడ్డపీలిక కట్టి, ఆ రెండో కొస మిషను కాలికి కట్టి కుట్టాను. సూదుల డబ్బా వైపు పోతుందని. ఇప్పటికీ మిషను చప్పుడు లేకపోతే దానికి నిద్ర పట్టదు. కరెంటు పోయి చీకట్లో కుట్టలేని రోజు కూడా ఉత్త మిషను తొక్కి నిద్రపుచ్చాలి. ఏం చేస్తాం, మన పని మన పిల్లలకి అంటుకుంటుంది."

"రేపు డాక్టరమ్మకి ఇదంతా చెప్పాలా?"

"చెప్పు. మాటలున్నాయని చెప్పు. నేనూ వస్తా కావాలంటే. మానేయాల్సిన పని కూడా ఉండదేమో. పగటి డ్యూటీ అడుగు."

"నా చెవులతో వినకుండా ఎట్లా చెప్పను? ఆయనే నమ్మడు."

"వాళ్ళ నాన్నతో కూడా మాట్లాడడా?"

"ఆయన లోపలికి అడుగుపెడితే నేను బయటికి. నేను చెప్పులేసుకుంటుంటే వీడు దుప్పటి ముసుగు తన్నేస్తాడు. పొద్దున ఆయన వెళ్ళేదాకా లేవడట. ఇక ఎవరితో మాట్లాడతాడు?"

"ఒకటి చెప్తా, చేస్తావా?"

"ఏంటి?"

"ఆ బట్టల మూట మీద తల పెట్టి పడుకో. కళ్ళు మూసుకో. ఏమైనా సరే తెరవకు."

"నాటకమా?"

"నీకు నాటకమెందుకు, మూస్తే నిజంగానే పట్టేస్తుంది. దయచేసి నిద్రపోకు."

"ఒక్క మాట వింటే చాలక్కా. ఒక్కటి."

"పడుకో ముందు. కదలకు. ఆఁ, అట్లా. చిట్టీ, మీరిద్దరూ ఇటు రండి!"

"అమ్మా, పిన్ని మనింట్లో ఎందుకు పడుకుంది?"

"అలిసిపోయిందే. ఏరా బుడ్డోడా, అక్కడే నిలబడ్డావేం? దగ్గరికి రా. చీమలేమయ్యాయి?"

"పెద్దమ్మా."

"ఊఁ, చెప్పు."

"మెల్లగా మాట్లాడు."

"సరే, మెల్లగానే అడుగుతున్నా. చీమలేమయ్యాయి?"

"ఇంటికెళ్ళిపోయాయి. మిషన్ తొక్కకు."

"తొక్కట్లేదుగా. చూడు, కాలు తీసేశా. ఫ్యాను కూడా ఆపెయ్యనా?"

"ఫ్యాను ఆపొద్దు. అమ్మకి చెమట పడుతుంది."

"అబ్బో, అన్నీ తెలుసే నీకు!"

"పిన్ని ఉత్తుత్తినే పడుకుందమ్మా. చూడు, కళ్ళు కదులుతున్నాయి."

"లేదు! పడుకుంది!"

"పడుకోలేదు!"

"పడుకుంది, కోతీ!"

"అమ్మా, చూడు! మళ్ళీ కోతి అన్నాడు!"

"అబ్బ, ఇద్దరూ ఊరుకోండి. బుడ్డోడా, నా మాట విను. అమ్మకి నీ మాటలంటే ఎంతిష్టమో తెలుసా? ఇందాక నన్ను అడిగింది, మావాడు ఏమన్నాడు, ఏమన్నాడు అని. అమ్మ ఇక ష్ అనదు. కసరదు. లేపుదామా?"

"వద్దు."

"సాయంత్రమైందిరా, ఇంటికెళ్ళాలిగా. లేపి, చీమల సంగతి చెబుదాం."

"లేపొద్దు."

"తిట్టదు నాన్నా, నేను చెప్తున్నాగా. ఎందుకంత భయం?"

"భయం కాదు."

"మరి?"

"అమ్మ లేస్తే డూటీకి వెళ్ళిపోతుంది."