నా పాల మీద ఒట్టు

సర్కాసియా కొండల్లో దొరబిడ్డలను పరాయి ఇంట పెంచే ఆచారం ప్రకారం పుట్టగానే నా ఒడిలో పెట్టిన చిన్నదొరను, రష్యా జార్‌తో యుద్ధం ముదిరాక తండ్రి తిరిగి రమ్మన్నాడు. నేను సంచి సర్దుతున్నాను.

“పొగపెట్టిన జున్ను వద్దమ్మా. అక్కడ దొరుకుతుంది.”

“జార్‌కు అమ్ముడుపోయిన మీ నాన్న కోటలో దొరకనిదేముంది! ఇన్నేళ్లూ నీ ముఖం చూడని మనిషికి, నువ్వు తుపాకీ పట్టగానే కొడుకు గుర్తొచ్చాడా?”

“కన్నతండ్రి. కాదనగలనా?”

“మరి నా కన్నకొడుకు షుమాఫ్? నీతో పాలు పంచుకున్నవాడు జార్ సైన్యంతో పోరాడుతున్నాడు. రేపు నీకే ఎదురైతే?”

“గాలిలోకి కాలుస్తాను. నీ పాల మీద ఒట్టు.”

“వాడూ ఇదే ఒట్టేసి వెళ్లాడురా, వెర్రివెధవా! మీ పక్కన నిలబడేవాళ్లు ఎవరి పాల మీద ఒట్టేశారు?”

అతను జున్ను అందుకుని సంచిలో పెట్టుకున్నాడు.

ఆ శరత్కాలంలో లబా నది రేవు దగ్గర జరిగిన పోరు నుంచి ఇద్దరూ తిరిగి రాలేదు.