సకుజో అన్న సొంత బొమ్మ

ఆ గోడ మీది బొమ్మ ఎవరు గీశారనా అడుగుతున్నావు? ఇదే తంటా అమ్మాయ్ మీ కాలంవాళ్ళతో, బొమ్మ కనిపిస్తే చాలు గీసినవాడి పేరే అడుగుతారు. కూర్చో, ఆ టీ చల్లారిపోతోంది. మా రోజుల్లో ఈ అసకుస పేటలో గీసేవాడొకడు, దాన్ని చెక్క మీద చెక్కేవాడొకడు, నాలాగా రంగు పూసి కాగితం మీద అచ్చు దించేవాడొకడు. పేరు మాత్రం గీసినవాడికే. సకుజో అన్న చెక్కేవాడు. అదీ మొహమూ జుట్టూ మాత్రమే. బట్టలూ కొండలూ చెక్కడానికి కింద వేరేవాళ్ళుండేవారు. పులిసిన సోయా గింజలు, అదే నట్టో, ముట్టడు, ఆ జిగట చేతికి అంటితే కత్తి మాట వినదట. ఎవరి పిచ్చి వాళ్ళకానందం. ఏం చెబుతున్నాను? ఆఁ, మినెయో. కొత్తరకం కుర్రాడు. గీసేదీ చెక్కేదీ అచ్చు వేసేదీ ఒక్కడే అయితేనే అది బొమ్మ అనే గుంపు వాడిది. ఓ రోజు వీధి స్నానశాలలో, నలుగురూ వేణ్ణీళ్ళలో ఉండగా, "నలభై ఏళ్ళు చెక్కావు గదా పెద్దాయనా, నీదంటూ ఒక్క బొమ్మ ఉందా?" అనేశాడు. మాట పడే మనిషి కాడు అన్న. ఇంటికెళ్ళి, ఆకులు ఎర్రబడేసరికి ఆ గుంపు పెట్టే ప్రదర్శనలో తన బొమ్మ వేలాడాల్సిందేనని పంతం పట్టాడు.

మామూలుగా అయితే బొమ్మ గీసిన పల్చటి కాగితాన్ని చెక్క మీద బోర్లా అంటించి, ఆ గీత వెంటే చెక్కుతారు. అన్న తెల్లకాగితం అంటించుకుని కూర్చున్నాడు. మూడు రోజులు. నేను వెళ్తే, "చెయ్యి కదలడం లేదురా ఇసోకిచీ, గీత ఎవడో ఒకడు ఇవ్వాలి నాకు" అన్నాడు. అంత మనిషి అలా అంటే నాకు ఏడుపొచ్చింది. అప్పుడే ఓనుయి వదిన తలంటుకుని వచ్చి, జుట్టు ఆరబెట్టుకుంటూ అటు తిరిగి కూర్చుంది. అన్న చూశాడు, చూశాడు, పకపకా నవ్వాడు. ఎందుకంటావా? జుట్టు ఎవరూ ఎన్నడూ గీసివ్వలేదు ఆయనకి. గీసేవాళ్ళు నల్లగా ఓ ముద్ద పూసి వదిలేస్తే, ఒక్కో వెంట్రుకా అన్నే పెట్టుకునేవాడు. నలభై ఏళ్ళుగా ఆ అచ్చుబొమ్మల్లోని అందగత్తెలందరి తలల మీదా ఉన్నది ఆయన బొమ్మే. కాగితం పీకి పారేసి కత్తి పట్టాడు. మొహం లేదు, మెడ లేదు, ఉత్త జుట్టు.

అచ్చు నేను వేశాను. ప్రదర్శనకి పట్టుకెళ్ళాం. మినెయో దగ్గరికొచ్చి ఒక్కో వెంట్రుకా చూశాడు. మంచివాడేలే, తన బొమ్మ పక్కకి జరిపి దీనికి చోటిచ్చాడు. అక్కడి పెద్దమనిషి పేరు రాసుకోడానికి కలం పట్టుకుని అన్నతో, అచ్చు కూడా మీరే వేశారు కదా, ఊఁ అనండి చాలు అన్నాడు. కాదంటే వాళ్ళ నియమం ప్రకారం వేలాడదీయరు. మినెయో ఊఁ అనమని కళ్ళతోనే బతిమాలుతున్నాడు. అనెయ్యి అన్నా అని నేనూ అనుకున్నాను. నాకేం, అప్పటిదాకా ఏ బొమ్మ మీద ఉంది గనక నా పేరు? అన్న నా భుజం పట్టి ముందుకు తోశాడు. "వేసింది ఇసోకిచి. వీడు లేకపోతే ఇది ఉత్త చెక్క" అన్నాడు. అంతే, తీసుకెళ్ళిపొమ్మన్నారు. చంకలో పెట్టుకుని, దారిలో సోబా నూడుల్స్ తిని ఇంటికొచ్చాం. ఆయన రెండు గిన్నెలు లాగించాడు. ఆ గోడ మీదున్నది అదే. అరవై ఏళ్ళు ఈ పని చేశాను అమ్మాయ్. నలుగురిలో నా పేరు చెప్పినవాడు ఆయనొక్కడే...

ఏంటి చూస్తున్నావు? తడి ఉండగానే అచ్చు దించాలి, ఆ కాగితాలు ఆరిపోతున్నాయి, ఇలా అందుకో.